కొత్త కాలనీలో ఇల్లు: కొనేముందు తూచవలసినవి

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఊరి బయట కొత్తగా వెలుస్తున్న కాలనీలలో ఇల్లు కొనుక్కోవడం మనవంటి వారికి మేలా, కాదా అనే విషయమై నాలుగు మాటలు చెప్పవలసిందిగా కార్యవర్గం వారు మమ్ములను కోరినారు. మేము బిల్డర్లము కాము, వకీళ్ళము కాము. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవారము. మరి మమ్ములనెందుకు అడిగినారంటే, దానికి కారణం ఒకటి ఉన్నది. సాయంత్రం బడి వదలగానే ఎవరో ఒక పిల్లవాని తండ్రి రంగురంగుల కాగితం పట్టుకొని వస్తాడు. "మాస్టర్ సాబ్, ఇది కాస్త చదివి చెప్పండి" అంటాడు. అలా చదివి పెడుతూ, కొందరితో కూడా వెళ్ళి స్థలాలు చూస్తూ, రిజిస్ట్రారు కచేరీ బెంచీల మీద కూర్చుంటూ మేము నేర్చుకున్న సంగతులే ఇక్కడ మనవి చేస్తున్నాము.

ముందుగా ఒక మాట. సొంత ఇల్లు కావాలనుకోవడం దురాశ కాదు. వన్‌టౌనులో, తారాపేటలో, వించిపేటలో మన ఇళ్ళు ఎలా ఉన్నవో మీకందరికీ తెలుసు. తాతగారు కట్టిన అరవై గజాల ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు కోడళ్ళు, పెళ్ళికెదిగిన పిల్లలు. ఒక గదిని పగలు దర్జీ మిషనుకు, రాత్రి పడకకు వాడుకుంటారు. పరీక్షల రోజుల్లో పిల్లవాడు మెట్ల మీద కూర్చుని చదువుతాడు. అద్దెకు పోదామంటే కొన్ని వీధుల్లో పేరు వినగానే "నిన్ననే వేరేవారికి ఇచ్చేశామండీ" అంటారు. ఈ బాధ పడినవారు ఈ సభలో చేతులెత్తితే సగం చేతులు లేస్తాయి. అందువల్ల, కొత్త కాలనీ అనగానే మన మనసు అటు పరుగెత్తడం సహజమే. పరుగెత్తేముందు తూకం వేసుకోమని మాత్రమే మా మనవి.

బందరు రోడ్డున కంకిపాడు దాకా, ఏలూరు రోడ్డున గన్నవరం దాకా, ఇటు నున్న వైపు, అటు గొల్లపూడి, ఇబ్రహీంపట్నం వైపు, కృష్ణ దాటితే తాడేపల్లి, మంగళగిరి, నంబూరు వైపు ఎక్కడ చూసినా తోరణాలు, జెండాలు, వెంచర్ల బోర్డులే. వారి కాగితం మీద అన్నీ నిమిషాల లెక్కనే ఉంటాయి. బస్టాండుకు ఇరవై నిమిషాలు, ఆసుపత్రికి పది నిమిషాలు, విమానాశ్రయానికి పావుగంట. ఆ నిమిషాలు ఎవరు లెక్కపెట్టినారు? తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద సొంత కారులో వెళ్ళినవారు లెక్కపెట్టినవి. ఉదయం తొమ్మిది గంటలకు బెంజి సర్కిల్ దాటి చూస్తే ఆ లెక్క వేరు.

ఇంకొకటి, "రేపు ధర పెరుగుతుంది" అనే మాట. మన ప్రాంతం వారికి ఈ పాఠం వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని ఇక్కడికి వస్తుందనగానే చుట్టుపట్ల పొలాల ధరలు ఆకాశానికి ఎక్కినవి. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2019లో పనులు ఆగినవి, డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే అమ్ముదామంటే అడిగేవాడు లేకపోయినాడు. 2024 ఎన్నికల తరువాత మళ్ళీ కదలిక వచ్చి, 2025 మే నెలలో పనులు తిరిగి ప్రారంభమైనవి. ఈ పదేళ్ళలో డబ్బున్నవాడు ఓపిక పట్టగలిగినాడు. ఆడపిల్ల పెళ్ళికి దాచిన డబ్బు తెచ్చి స్థలంలో పెట్టినవాడు పట్టలేకపోయినాడు. కాబట్టి వ్యాపారానికి కొనడం వేరు, కాపురానికి కొనడం వేరు. మేము ఈ రోజు మాట్లాడేది కాపురానికి కొనేవారి గురించి. వారు రేపటి ధర పక్కన పెట్టి, ఈనాడు అక్కడ ఏమున్నదో అదే చూడవలెను.

మొదట తూచవలసింది బ్రతుకుతెరువు. మనలో ఎక్కువమంది పని ఎక్కడున్నది? ఆటోనగర్‌లో షెడ్డులో, వస్త్రలత చుట్టుపట్ల దుకాణాల్లో, కాళేశ్వరరావు మార్కెట్టులో, వీధిలో తోపుడు బండి మీద. నెలజీతం వాడు దూరమైనా టైముకు వెళ్ళి టైముకు వస్తాడు. చేతిపని వానికి ఆ సౌకర్యం లేదు. రంజాను నెలలో దర్జీ అర్ధరాత్రి దాకా మిషను తొక్కుతాడు. ఆ వేళ కొత్త కాలనీకి బస్సు ఎక్కడిది? మెకానిక్కు తెలిసిన గిరాకీ రాత్రి పది గంటలకు ఫోను చేస్తే, షెడ్డు పక్కనే ఉన్నవాడు వెళ్ళి నాలుగు డబ్బులు తెచ్చుకుంటాడు. పదిహేను కిలోమీటర్ల అవతల ఉన్నవాడు పడుకుంటాడు.

నల్లబల్ల మీద వేసినట్లు ఒక లెక్క వేసి చూద్దాం. ఇల్లు పదిహేను కిలోమీటర్ల దూరం. రాకపోకలు ముప్ఫై. నెలకు 26 పనిదినాలు అనుకుంటే 780 కిలోమీటర్లు. బండి లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చినా నెలకు 17 లీటర్లకు పైగా పెట్రోలు. పోవడానికి ముప్పావుగంట, రావడానికి ముప్పావుగంట అయితే నెలకు 39 గంటలు దారిలోనే పోతవి. అంటే దాదాపు అయిదు పనిదినాలు. పిల్లల బడి ఆటో, ఆసుపత్రి ప్రయాణం, అమ్మీని చూడడానికి వారం వారం రావడం వేరు. ఇవేవీ వెంచరు కాగితం మీద ఉండవు. కాని నెల తిరిగేసరికి మన జేబులో నుంచే పోతవి.

అప్పు లెక్క కూడా వేసుకోవలె. నలభై లక్షల ఫ్లాటు అనుకుందాం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను ఖర్చులు కలిపి రమారమి ఏడున్నర శాతం, అంటే మూడు లక్షలు. పది లక్షలు చేతిది వేసి, ముప్ఫై లక్షలు బ్యాంకులో ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్ళకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 26,000 రూపాయలు. ఇరవై ఏళ్ళలో కట్టేది మొత్తం 62 లక్షల పైచిలుకు. నలభై ఏళ్ళ వయసులో మొదలుపెట్టినవాడు అరవై ఏళ్ళు వచ్చేదాకా కట్టవలె. ఒక నెల జ్వరం వస్తే, షాపు మూతపడితే కిస్తీ ఆగదు. బ్యాంకు వడ్డీ విషయంలో ధర్మం ఏమిటన్నది ఉలమాలను అడిగి ఎవరి మనస్సాక్షి ప్రకారం వారు నిర్ణయించుకోవలసిందే. మేము లెక్క మాత్రమే చెప్పగలము, ఫత్వా చెప్పలేము.

రెండవది నీరు. దీని గురించి విజయవాడ వారికి ఎవరు చెప్పవలె? 2024 సెప్టెంబరు 1వ తేదీ తెల్లవారేసరికి బుడమేరు సింగ్ నగరులోకి, పాయకాపురంలోకి, కండ్రికలోకి వచ్చి కూర్చున్నది. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. బుడమేరు గట్లు తెగిన నీరు పల్లానికి పరుగెత్తింది. కొన్ని వీధుల్లో వారం దాటినా తీయలేదు. మా విద్యార్థులు కొందరి ఇళ్ళల్లో పుస్తకాలు, సర్టిఫికెట్లు, చివరకు ఇంటి దస్తావేజులు కూడా తడిసి ముద్దయినవి. అక్కడ ఇళ్ళు కట్టుకున్నవారు తెలివితక్కువవారని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము. నగరంలో వారి స్తోమతుకు దొరికిన స్థలం అదే. పేదవానికి ఎప్పుడూ పల్లమే దొరుకుతుంది, మెరక ధర ఎక్కువ గనుక. అయినా ఇప్పుడు కొత్తగా కొనబోయేవారు ఆ అనుభవాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఎలా?

బుడమేరు కొల్లేరుకు పోయే వాగు. దాని దారి మధ్యలో మనం ఇళ్ళు కట్టుకున్నంత మాత్రాన అది తన దారి మరచిపోదు. 2005లోనూ వచ్చింది, 2024లోనూ వచ్చింది. అందువల్ల స్థలం చూడబోయినప్పుడు అమ్మేవానిని అడగవద్దు. పక్క పొలంలో పని చేసుకునే ముసలి రైతును అడగండి. "తాతా, మొన్నటి వరదకు ఇక్కడ నీళ్ళెంతవరకు వచ్చినవి?" అంటే ఆయన మోకాలు చూపిస్తాడో, నడుము చూపిస్తాడో చూడండి. ఆయనకు కమీషను లేదు, అబద్ధం చెప్పవలసిన పని లేదు. చుట్టూ రోడ్డు ఎత్తుగా ఉండి స్థలం గుంటగా ఉంటే, వెంచరు వారు మట్టి పోసి చదును చేసినారంటే, ఆ మట్టి కింద ఏమున్నదో తెలుసుకోవలె. చెరువో, వాగు పోరంబోకో అయితే ఇల్లు కట్టిన తరువాత కూడా నిద్ర పట్టదు.

తాగే నీటి సంగతి కూడా అంతే. ట్యాంకు కట్టి చూపిస్తారు. ట్యాంకు అందరూ కడతారు, అందులోకి నీరు ఎక్కడి నుంచి వస్తుందన్నది ప్రశ్న. బోరు నీరే అయితే ఒక సీసాలో పట్టుకొని వచ్చి పరీక్ష చేయించండి. ఆ ఖర్చు ఒక బిర్యానీ విందు ఖర్చు కూడా కాదు. ఒకసారి మే నెలలో వెళ్ళండి, నీళ్ళ సంగతి తెలుస్తుంది. ఒకసారి పెద్ద వాన వెలిసిన మరునాడు వెళ్ళండి, దారి సంగతి తెలుస్తుంది. ఆదివారం పూట షామియానా వేసి చాయ్ ఇచ్చి చూపించిన స్థలం, బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు వీధిదీపాలు లేకుండా ఎలా ఉంటుందో కూడా చూడవలె. అప్పుడు ఇంటి ఆడవారిని వెంట తీసుకువెళ్ళండి. మగవాడు పొద్దున పోయి రాత్రి వస్తాడు. ఆ కాలనీలో పగలంతా ఉండేది, నీళ్ళు పట్టేది, పిల్లవానికి జ్వరం వస్తే ఆటో వెదికేది వారే. వారిని అడగకుండా ఇల్లు కొనడం సగం ఇల్లు చూసి కొనడమే.

మూడవది కాగితం. ఉపాధ్యాయులం గనుక ఒక చిన్న సంగతి చెప్పాలనిపిస్తుంది. దస్తావేజు, తహశీలుదారు, జమాబందీ, కిస్తీ, వసూలు, హక్కు మొదలైన మాటలన్నీ ఫారసీ, అరబీల నుండి ఉర్దూ ద్వారా తెలుగులో కలిసిపోయినవే. మాటలు మన ఇంటివే గాని, ఆ మాటలున్న కాగితం చదివి కొనేవారు మనలో తక్కువ. "మనవాడే అమ్ముతున్నాడు, మస్జిదులో మన పక్కన నిలబడేవాడే" అని చెప్పి బజానా చేతిలో పెట్టి వస్తాము. బయట పేరు విని ఇల్లు ఇవ్వని వారిని చూసి చూసి, మన పేరున్నవాడు కనబడగానే ప్రాణం లేచి వస్తుంది. ఆ నమ్మకాన్నే కొందరు సరుకుగా చేసి అమ్ముకుంటున్నారు.

నమ్మకం ఉంటే కాగితం ఎందుకు అనేవారు ఒక విషయం గుర్తుంచుకోవలె. ఖురాన్ షరీఫులో అన్నిటికన్న పొడవైన ఆయతు సూరె బఖరలోని 282వది. అది దేని గురించి? అప్పులు, ఒప్పందాలు వ్రాసి పెట్టుకోవడం గురించి, సాక్షులను ఉంచుకోవడం గురించి. కాబట్టి కాగితం అడగడం అవమానం కాదు, అనుమానం కాదు. అడిగినవాడు ధర్మం పాటించినట్లే, చూపించినవాడు కూడా ధర్మం పాటించినట్లే. కాగితం అడిగితే ముఖం మాడ్చుకునేవాడు ఎవరైనా సరే, మనవాడైనా, మరొకడైనా, అతని దగ్గర కొనకుండా లేచి రావడం మంచిది.

ఏ కాగితాలు చూడవలెనో వివరంగా చెబుతాము, యువకులు వ్రాసుకోండి. అమ్మేవాని పేరుకు ఆ భూమి ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజులు, వెనుకటి ముప్ఫై ఏళ్ళవైనా చూడవలెను. సబ్ రిజిస్ట్రారు కచేరీ నుండి ఇ.సి., అంటే ఆ ఆస్తి మీద అమ్మకాలు, తాకట్లు ఏమేమి రిజిస్టరైనవో తెలిపే పత్రం. అడంగల్, 1-బి నకళ్ళు. వ్యవసాయ భూమి అయితే అది ఇళ్ళ స్థలంగా ఎలా మారిందో తెలిపే కాగితం. లేఅవుటు ఆమోదం. ఇక్కడ జాగ్రత్త. గ్రామ పంచాయతీ ముద్ర ఒక్కటే చూసి సంతోషపడరాదు. మన ప్రాంతంలో 1978 నుండి వి.జి.టి.ఎం. ఉడా, 2014 చట్టంతో దాని స్థానంలో సి.ఆర్.డి.ఎ. వచ్చినవి. ఏ పరిధిలో ఉంటే ఆ సంస్థ ఆమోదించిన నంబరుతో సహా ప్లాను ఉండవలెను. ఆమోదం లేని స్థలంలో ఇంటి ప్లానుకు అనుమతి రాదు, బ్యాంకు అప్పు రాదు. తరువాత ప్రభుత్వం ఎప్పుడైనా క్రమబద్ధం చేస్తే ఆ రుసుం మన నెత్తినే పడుతుంది. అగ్గువ అనుకున్నది అప్పుడు ప్రియమవుతుంది.

రిజిస్ట్రేషను చట్టంలోని 22-ఎ ప్రకారం నిషేధిత భూముల జాబితా ఉంటుంది. ప్రభుత్వ భూములు, అసైన్డు భూములు, దేవాదాయ భూములు, వక్ఫ్ భూములు అందులో చేరుతాయి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డు భూములను అమ్మరాదని 1977 నాటి చట్టం. తరువాత సవరణలు కొన్ని వచ్చినవి గాని, వకీలుకు చూపించకుండా అటువంటి భూమి జోలికి పోరాదు. ఇక వక్ఫ్ భూమి సంగతి. అది అల్లాహ్ పేరిట వదలిపెట్టిన ఆస్తి. దానిని అమ్మేవానికి హక్కు లేదు, కొన్నవానికి హక్కు రాదు. సర్వే నంబరు ఆ జాబితాలో ఉన్నదేమో చూసుకోవడం మనకు చట్టం కోసం మాత్రమే కాదు, ఆఖిరత్ కోసం కూడా అవసరం.

కేంద్ర ప్రభుత్వం 2016లో రెరా చట్టం తెచ్చింది. 2017 మే నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. 500 చదరపు మీటర్లు దాటని స్థలాలను, 8 ఫ్లాట్లు దాటని కట్టడాలను మినహాయించి మిగతా వెంచర్లన్నీ రెరాలో నమోదు కావలసినవే. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడానికి కూడా వీలులేదు. రిజిస్టరైన ఒప్పందం లేకుండా ధరలో పదో వంతు కంటే ఎక్కువ తీసుకోరాదు. కొనేవారు ఇచ్చిన డబ్బులో 70 శాతం ఆ కట్టడం కోసమే వేరే ఖాతాలో ఉంచవలెను. ఇల్లు అప్పగించిన తరువాత అయిదేళ్ళ లోపల కట్టుబడిలో లోపం బయటపడితే బిల్డరే బాగుచేయించవలెను. ఫ్లాటును కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల మనం నడిచే నేల లెక్కన అమ్మవలెను. ఇంటర్నెట్టులో రెరా నంబరు కొట్టి చూడడం మన పదో తరగతి పిల్లలకు వచ్చు. వాళ్ళ చేత చూపించుకోండి.

ఫ్లాటు కొనేవారు ఇంకొక ప్రశ్న వేయవలె. భూమిలో మా వాటా ఎన్ని గజాలు? వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్లు కడితే సమానంగా ఒక్కొక్కరికి యాభై గజాలు. గోడ పాతబడుతుంది, భూమి పాతబడదు. ముప్ఫై నలభై ఏళ్ళకు బిల్డింగు తీసి మళ్ళీ కట్టవలసి వచ్చినప్పుడు మన పిల్లలకు మిగిలేది ఆ వాటాయే. అది దస్తావేజులో అంకెలతో సహా ఉండవలెను.

పవర్ ఆఫ్ అటార్నీ కాగితం మీద, నోటరీ కాగితం మీద ఇల్లు మనదైపోయిందనుకునేవారు ఇంకా ఉన్నారు. అటువంటి కాగితాలతో హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రిజిస్టరైన అమ్మకం దస్తావేజు ఒక్కటే అమ్మకం. "ముందు డబ్బు కట్టండి, అనుమతులు ఆరు నెలల్లో వస్తాయి" అనేవారి దగ్గర కూడా అదే జాగ్రత్త. ఈమధ్య మరొక పద్ధతి చూస్తున్నాము. "వడ్డీ లేదు, పూర్తిగా హలాల్ కిస్తీలు" అని ఉర్దూలో చక్కగా అచ్చువేసిన కాగితాలు వస్తున్నవి. నిజాయితీగా అలా అమ్మేవారు లేరని కాదు. వడ్డీ లేనంత మాత్రాన మోసం లేదనుకోరాదు. కట్టిన ప్రతి కిస్తీకి రసీదు, బ్యాంకు ద్వారా చెల్లింపు, భూమి మీద హక్కు చూపించే కాగితం లేనప్పుడు హలాల్ అన్న మాట ఆ డబ్బును కాపాడదు. మాకు తెలిసిన ఒక కుటుంబం మూడేళ్ళు అలా కిస్తీలు కట్టింది. చివరకు చూస్తే ఆ భూమి అమ్మినవాని పేర అసలు రిజిస్టరే కాలేదు. ఆ ఇంటాయన ఇప్పటికీ ఆ రసీదు పుస్తకం బీరువాలో దాచుకున్నాడు. పారేయడానికి మనసు రాదట.

నాలుగవది చెప్పడానికి కొంచెం కష్టంగా ఉన్నది, కాని చెప్పవలసి ఉన్నది. కొత్త ఇంటికి డబ్బు ఎక్కడిది? చాలా ఇళ్ళల్లో వన్‌టౌనులోని పాత ఇల్లు అమ్మగా వచ్చినది. ఆ పాత ఇల్లు ఎవరిది? అబ్బాజాన్ పోయిన నాటి నుండి అది కొడుకులది మాత్రమే కాదు, కూతుళ్ళది కూడా, బ్రతికి ఉంటే అమ్మీది కూడా. కుమారుని వాటాలో సగం కుమార్తెకు అని ఖురానే నిర్ణయించింది. 1937 నాటి షరియత్ చట్టం మన దేశంలో దానికి చట్టబలం ఇచ్చింది. మనం ఏం చేస్తున్నాం? రిజిస్ట్రేషను రోజున చెల్లెలిని ఆటోలో పిలిపించి, "ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా" అంటున్నాం. ఆ పిల్ల పెడుతుంది. ఎందుకంటే అన్న ఇంటి గడప మూసుకుపోతుందని భయం. రేపు మొగుడితో మాట వస్తే వెళ్ళడానికి ఒక ఇల్లు ఉండాలని ఆశ. ఆ సంతకంతో చట్టం తృప్తిపడవచ్చు. ఆమె వాటా ఇవ్వకుండా తీసుకున్న ఇటుక మీద మన కొత్త ఇల్లు నిలబడుతుందన్న సంగతి మనకు తెలుసు. ఉర్దూలో హఖ్, తెలుగులో హక్కు, రెండూ ఒకే మాట. వాటా చేతిలో పెట్టిన తరువాత ఆమె తన ఇష్టంతో తిరిగి ఇస్తే అది వేరు. ముందు చేతిలో పెట్టవలెను. అలా ఇచ్చిన తరువాత మిగిలిన డబ్బుకు చిన్న ఇల్లే వస్తే చిన్న ఇల్లే కొనుక్కుందాం.

కొనేటప్పుడు కూడా ఇదే విషయం మనకు అడ్డం వస్తుంది. ముస్లిం కుటుంబం దగ్గర కొంటే వారసులందరూ, ఆడపిల్లలతో సహా, సంతకం చేసినారా అని చూడవలె. "మా అబ్బా నాకు నోటిమాటగా హిబా చేసినారు" అని ఒక అన్న అంటాడు. మన ధర్మశాస్త్రంలో నోటి హిబా చెల్లుతుంది, చట్టం కూడా దానిని ఒప్పుకున్నది. కాని అది జరిగిందని, ఆస్తి స్వాధీనం చేసినారని రుజువు చేయవలసి వచ్చినప్పుడు కోర్టులో ఏళ్ళు గడిచిపోతాయి. మిగతా వారసుల సంతకాలు కూడా తీసుకోవడమే కొనేవానికి క్షేమం.

అయిదవది బడి, మస్జిదు, ఇరుగుపొరుగు. కొత్త కాలనీకి వెళ్ళిన మా విద్యార్థుల సంగతి హాజరు పట్టీలో మాకు కనబడుతూనే ఉంటుంది. మొదటి రెండు నెలలు ఆటోలో వస్తారు. వానలు మొదలు కాగానే వారానికి రెండు రోజులు మానేస్తారు. దసరా సెలవుల తరువాత తండ్రి వచ్చి టి.సి. అడుగుతాడు. ఇంగ్లీషు మీడియంలో చేరితే పిల్లవాడు చెడిపోడు, మేము అలా అనము. కాని ఎనిమిదో తరగతి నడుమ భాష మారితే ఒకటి రెండేళ్ళు తడబడుతాడు. ఇంట్లో ఉర్దూ చదివించేవారు లేకపోతే దాదీ వ్రాసిన ఉత్తరం మనవడు చదవలేడు. మారదలచినవారు విద్యా సంవత్సరం మొదట్లో మారండి, అక్కడి బడిని ఇంటికంటే ముందు చూడండి, ఉర్దూకు రోజుకొక అరగంట ఇంట్లో కేటాయించండి.

లేఅవుటులో పార్కులకు, అందరి అవసరాలకు వదలిన స్థలం కాలనీ వారందరిది. దానిలో మస్జిదు కట్టుకుందామనో, మరొకరు గుడి కట్టుకుందామనో మొదలుపెడితే పక్కింటి సలాం, నమస్కారం రెండూ పోతవి. నమాజుకు స్థలం కావాలంటే డబ్బు పోగుచేసి, అనుమతి తీసుకొని కొనుక్కోవడమే మర్యాద. ఖబరస్తాను ఎక్కడున్నదో కూడా ముందే తెలుసుకోండి. జనాజా ఇంట్లో పెట్టుకొని వెదికే విషయం కాదది. ఇక, మనవాళ్ళే ఉన్నచోట ఉండాలా, కలిసి ఉన్నచోట ఉండాలా అని అడుగుతారు. మనవాళ్ళ మధ్య ధైర్యం ఉంటుంది, పండుగకు సందడి ఉంటుంది. పది రకాల వారున్న కాలనీలో మంచి రోడ్డు, మంచి బడి దొరికే అవకాశం ఎక్కువ, పిల్లలకు లోకం తెలుస్తుంది. మా అభిప్రాయం ఏమిటంటే, ఒక్క కుటుంబంగా కాక అయిదారు కుటుంబాలు మాట్లాడుకొని, అన్ని విధాలా సరిగా ఉన్న కాలనీలోకి కలిసి వెళ్ళడం మంచిది. ఆపద వేళ తలుపు తట్టడానికి ఒక గడప ఉంటుంది, ధర మాట్లాడడానికి బలమూ ఉంటుంది.

ఇవన్నీ చెప్పి మిమ్ములను భయపెట్టాలని మా ఉద్దేశం కాదు. బాగా చూసి కొని, సుఖంగా ఉన్నవారు మనలో ఉన్నారు. వారి పిల్లలకు చదువుకునే గది ఉన్నది, అమ్మీకి మెట్లు ఎక్కే బాధ తప్పింది. అది చూసి మేమూ సంతోషించినాము. తూకం సరిపోతే తప్పక కొనండి. సరిపోకపోతే ఆగడం అవమానం కాదు. ఉన్న పాత ఇంటికే అనుమతి తీసుకొని పైన రెండు గదులు వేసుకోవడం కూడా ఒక దారి. మంచి అద్దె ఇంట్లో ఉంటూ పిల్లలను చదివించడం కూడా ఒక దారి. "ఇంకా అద్దె ఇంట్లోనేనా" అని పెళ్ళిళ్ళలో అడిగే వారికి జవాబు చెప్పడం కోసం ఇల్లు కొనరాదు.

చివరగా సొసైటీ వారికి మూడు మనవులు. ఒకటి: మనలో రిటైరైన రెవెన్యూ ఉద్యోగులున్నారు, వకీళ్ళున్నారు, ఇంజనీర్లున్నారు. వారిలో ముగ్గురితో ఒక చిన్న కమిటీ వేసి, నెలకొక ఆదివారం జొహర్ తరువాత సభ్యుల కాగితాలు చూసి పెట్టే ఏర్పాటు చేయండి. ఆ రోజు చదివి పెట్టే పనికి మేమూ వస్తాము. రెండు: ఏ స్థలం మీద ఏ చిక్కు బయటపడిందో ఒక ఫైలులో వ్రాసి ఆఫీసులో ఉంచండి, ఒకరు పడ్డ గుంటలో మరొకరు పడరు. మూడు: ఆ కమిటీలో ఒక సోదరికి చోటు ఇవ్వండి. వాటా గురించి అడగడానికి నోరు రాని ఆడపిల్ల మగవారి ముందు నోరు విప్పదు, ఆమె ముందు విప్పుతుంది.

 అల్లాహ్ మనందరికీ వరద రాని నేలలో, ఒకరి హక్కు కలవని ఇంట్లో నివాసం ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.